బెజ్జంలో పెట్టిన చెయ్యి

సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాట్‌కి భోజనానికి వచ్చినవాళ్లెవరూ ఐర్లండ్ రాయి కథ వినకుండా వెళ్లలేదు. వేల ఏళ్ల నాటి నిలువురాయి, ఇరవై అడుగులు, కావలించుకోగానే నా ఒళ్లంతా జల్లుమంది అని చెప్పేవాణ్ణి.

"అంకుల్, పోయినసారి పదిహేను అన్నారు లా!" అంది ఒకసారి పక్కింటి పిల్ల, ఇక్కడి యాసలో.

"అది ఇంకా ఎదుగుతోందమ్మా. మీ అంకుల్ రోజూ నీళ్లు పోస్తున్నారుగా," అంది మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ.

ఒప్పుకుంటాను. అది నా భుజం దాకా వస్తుంది, అంతే. కావలించుకోనూ లేదు, ఒక పక్కంతా ఆవులు ఒళ్లు రుద్దుకున్న బురద. ఎత్తు దగ్గరే ఆగిపోయే అబద్ధమైతే, ఈ వయసులో కూర్చుని రాసేవాణ్ణి కాదు.

ఐటీ ఉద్యోగాలు ఊపు మీదున్న రోజులు. సైన్స్ పార్క్‌లోని మా ఆఫీసు నన్ను ఆరు వారాలు ఐర్లండ్ పంపింది. అక్కడొకాయన ఏళ్ల తరబడి ఒంటిచేత్తో చూస్తున్న సాఫ్ట్‌వేర్ పని నేర్చుకుని రావాలి. నేర్చుకున్నాక పని సింగపూర్‌కి వస్తుంది, ఆయన ఇంటికి పోతాడు. ఈ సంగతి నాకు చెప్పారు. ఆయనకి చెప్పలేదు, నన్నూ చెప్పొద్దన్నారు.

ఆయన ఏదీ దాచుకోకుండా నేర్పాడు. ఒక ఆదివారం తన కారులో మేనమామ పొలానికి తీసుకెళ్లి ఆ రాయి చూపించాడు. దాని నడిమధ్యన చెయ్యి పట్టేంత బెజ్జం. పూర్వం బేరాలూ పెళ్లి మాటలూ అందులో చేతులు కలిపే ఖాయం చేసుకునేవారట. అటునుంచి ఆయన చెయ్యి దూర్చాడు. నవ్వుతూ ఇటునుంచి నేనూ దూర్చాను. ఆయన వదల్లేదు.

"నిజం చెప్పు. నా పని మీవాళ్లు పట్టుకుపోతున్నారా?"

"ఛ, అదేం మాట! నేను మీకు సాయంగా వచ్చినవాణ్ణి."

"అమ్మయ్య! వేరే కంపెనీవాళ్లు రమ్మంటున్నారు. రేపు వద్దని చెప్పేస్తాను."

అప్పుడైనా నోరు విప్పొచ్చు. చినుకులు పడుతున్నాయి, కారెక్కుదాం అన్నాను.

మూడు నెలల్లో ఆయన్ని పంపేశారు. నాకు ప్రమోషన్ వచ్చింది. ఆ వెంటనే ఆ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే, ఎవరికీ తెలియకుండా ఆయన ఇంటికే ఫోన్ చేశాను. ఎప్పటిలాగే ఓపిగ్గా ఒక్కో మెట్టూ చెప్పాడు. పని జరిగింది.

"ఆ వేరే ఉద్యోగం..." అని మొదలెట్టాను.

"అది పోయిందిలే. ఇంకేమైనా అడగాలా?" అన్నాడు.

ఏమీ లేదన్నాను.

ఆ ఆదివారం ఎవరో భోజనానికి వచ్చారు. రాయి కథ మొదటిసారి చెప్పాను, పన్నెండడుగులుంటుందని.