పచ్చబాబాయి చల్లినంత మేర

పచ్చబాబాయి అంటే ఆ చుట్టుపక్కల తెలియని రైతు లేడు. అక్కడ పవర్ టిల్లరు మొదట తోలింది ఆయన. గొడ్లు కూడా మేయని మెరకను చదును చేసి వరి పండించిందీ ఆయనే. ఊరిబడి చదువుతోనే నీటి సంఘానికి పెద్దయ్యాడు. ఇక ఆయన చేను పచ్చదనం చెప్పేదేముంది! అందులో గొడుగుకర్ర పాతినా చిగురేస్తుందని జనం నవ్వుకునేవారు.

ఆ పచ్చదనమంతా యూరియాది. పొటాష్ ఎరువు మాటెత్తితే, "వేసినా కనపడదు, వేయకపోయినా కనపడదు. దానికెందుకురా చాకిరీ?" అనేవాడు. ఏటా తెగులు తగిలేది. మందు కొట్టి గట్టెక్కేవాడు. ఆ సంగతి మాత్రం చెప్పుకునేవాడు కాదు.

పక్క పొలం చెల్లెలిది. ఈసారి ఆమె తన చేనును నమూనాగా పెట్టడానికి ఒప్పుకుంది. వ్యవసాయాధికారిణి చెప్పినట్టు మట్టి పరీక్ష చేయించింది, యూరియా తగ్గించింది, పొటాష్ కలిపి వేసింది. పంట నిలబడితే మిగతా రైతులకు ఆ పద్ధతి నేర్పే పని ఆమెకే ఇస్తామన్నారు. ఆ మాటకే ఆమె మొహం చేటంత అయింది.

చేను నిటారుగానే ఉంది గాని, అన్నగారి చేను పక్కన వెలవెలబోయింది. పాలవాడు సైకిలు ఆపి మరీ అన్నాడు:

"ఏం బాబాయ్, చెల్లెలి చేనుకి కామెర్లొచ్చినట్టున్నాయే! నీ ఇంట్లో యూరియాకి అంత కరువొచ్చిందా?"

బాబాయి నవ్వేశాడు. కానీ ఆ మాట ముల్లులా దిగింది. చంకనేసుకుని పెంచిన పిల్ల. దాని చేనుకి వంక పెడతారా?

చెల్లెలు తన కూతుర్ని ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజున, బక్కెట్టు నిండా యూరియా పట్టుకెళ్లి బాట పక్క మళ్లలో చల్లాడు. బక్కెట్టు ఖాళీ అయ్యేదాకా చల్లాడు. లోపలి మళ్ల జోలికి పోలేదు. దారినపోయేవాళ్లకు కనపడేవి ఇవే కదా!

కొద్దిరోజులకే ఆ మళ్లు ముదురుపచ్చగా నిగనిగలాడాయి. "చూశావా అన్నయ్యా, మేడమ్ చెప్పినట్టే తేరుకుంది!" అని చెల్లెలు మురిసిపోతే, ఆయన మీసం చాటున నవ్వుకున్నాడు.

తర్వాత మబ్బు పట్టింది. తెల్లవారేసరికి ఆకులన్నీ మంచుతో తడిసి ఉండేవి. బాట పక్క మళ్లలో ఆకుల మీద నూలుకండె ఆకారంలో బూడిదరంగు మచ్చలు లేచాయి. అగ్గితెగులు! లోపలి మళ్లలో మాత్రం వెతికినా మచ్చ లేదు.

చెల్లెలు కబురంపితే అధికారిణి వచ్చింది. రెండు వైపుల ఆకులూ తెంపి వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇక్కడ యూరియా ఎక్కువ పడిందమ్మా. ఆకు చూడు, ఎంత మెత్తగా ఉందో. తెగులుకి విందే! లోపల అదే విత్తనం, అదే నీళ్లు, అదే మంచు. అయినా తట్టుకుందంటే, కొలత ప్రకారం తిన్న పైరు గనక."

"చిటికెడు ఎక్కువ వేస్తే ఒట్టు మేడమ్! మా అన్నయ్యనడగండి. ఆయన అబద్ధమాడడు."

"మా చెల్లెలేం వేయలేదండీ," అన్నాడు బాబాయి. మాట నిజమే, అయినా నోరు చేదెక్కింది.

"మరి ఆకాశం నుంచి పడిందా?" అని అధికారిణి చెల్లెలివైపు తిరిగింది. "చేసింది ఒప్పుకోనివాళ్లు పదిమందికి ఏం నేర్పుతారమ్మా? ఆ పని ఇంకొకరికి అప్పజెప్తాను."

చెల్లెలి మొహం చూడలేకపోయాడు బాబాయి.

"నేనే చల్లానండీ. దానికి తెలియదు."

చెల్లెలు చివ్వున తిరిగింది. "నువ్వా? ఎందుకన్నయ్యా?"

"కామెర్ల చేనని అంటుంటే..."

"నా చేను చూస్తే నీకు నామోషీ వేసిందా?"

మెరక చదును చేసినప్పుడు కూడా బాబాయి చేతులకు అంత బరువు తెలియలేదు.

"సరే, ఎక్కడిదాకా చల్లావో చూపించు. అంతమేరా మందు కొట్టాలి," అంది చెల్లెలు, పొడిగా.

ఆయన గట్టు మీద ముందు నడిచాడు. వెనకాలే అధికారిణి గుర్తుకి పుల్లలు గుచ్చుతూ వచ్చింది. బక్కెట్టు ఖాళీ అయిన మూల దగ్గర ఆగి, "ఇక్కడిదాకానండీ," అన్నాడు.

"నేర్చుకోడానికి వచ్చేవాళ్లకి రెండు వైపులా చూపిద్దాం," అంది అధికారిణి, చెల్లెలితో. "నేర్పేది నువ్వే."

"ఇటువైపు ఎందుకిలా అయిందని అడిగితే?"

"ఏం చెప్తావు?"

"నేనెందుకు చెప్పాలి? మా అన్నయ్యే చెప్తాడు."

బాబాయి తలెత్తలేదు. "చెప్తాలేమ్మా," అన్నాడు మెల్లగా.