సైరన్ మోగినా బయటికి రాని టీచరమ్మ

ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లు జరిపే ముందు సైరన్ మోగేది. మా ప్రాథమిక బడిలో విద్యా వాలంటీరుగా ఉన్న అమ్మాయి పిల్లలందరినీ బయటికి పంపి, తాను మాత్రం లోపలే ఉండి, బల్ల మీది కంప్యూటర్‌ను రెండు చేతులతో వాటేసుకునేది. సెలవులు తప్ప ఒక్క రోజూ తప్పలేదు. గోడలు అదిరి పెచ్చులు రాలేవి. హెడ్‌మిస్ట్రెస్‌గా నేను తిట్టేదాన్ని.

“కప్పు కూలితే పానం పోతది బిడ్డా. ఆ డబ్బాతోని నీకు లగ్గమైందా ఏంది?”

“కింద పడితే మళ్ల ఇయ్యరు మేడం. మన రెండో తరగతి పిల్లకు ఇప్పుడిప్పుడే అక్షరాలు వస్తున్నయ్.”

ఆ పిల్ల పుస్తకం చూస్తే నోరు విప్పేది కాదు. తెర మీద అక్షరం వెలిగి పలికితే, తానూ వెంట పలికేది. తెర లేకుండా ఒక్క మాటైనా చదివించాలని టీచరమ్మ పట్టుదల.

అంతలో గని విస్తరణకు మా ఊరు తీసుకున్నారు. చివరి రోజు కంప్యూటర్‌ను ఆటోలో మండలాఫీసుకు పంపేశాం. టీసీ కోసం తండ్రితో వచ్చిన ఆ పిల్ల, బడి గోడ మీద గని వాళ్లు ఎర్ర రంగుతో కొత్తగా రాసిన మాట ముందు ఆగింది. వేలు పెట్టి, కూడబలుక్కుని, గట్టిగా చదివింది.

“ఖా... ళీ.”

“మంచిగ చదివినవ్ బిడ్డా,” అని టీచరమ్మ ఆ పిల్ల తల నిమిరింది. చాలాసేపటిదాకా నా వైపు తిరగలేదు.