మధ్యలో ఆగే నకలు

ఆ రోజుల్లో రోజూ నరసరావుపేటలో గుంటూరు బస్సు ఎక్కి యూనివర్సిటీ ల్యాబుకు వెళ్లేదాన్ని. పిహెచ్‌డి సగంలో ఉంది. ఈపూరు దగ్గర మా మిరప చేలోని మట్టి నుంచి తీసిన ఒక బాక్టీరియా మీద నా పని. తనకు కావలసిన ఒక అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకునే జన్యువు దానికుంది. ఆ తయారీ మొదలుపెట్టాలంటే కణం ముందు ఆ జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు తీసుకోవాలి. ఆ నకలును నేను పూర్తిగా చూపించాలి. నాకు దొరికేది ఎప్పుడూ పొట్టి ముక్కే.

ఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితం. ఒట్టి చేయి తగిలినా తునకలైపోతుంది. మొదట్లో నిజంగానే అలా పాడుచేశాను. అందుకే మా గైడు మేడమ్ ప్రతిసారీ అదే మాట అనేవారు.

"గ్లవ్స్ మార్చి మళ్లీ చెయ్యమ్మా."

మార్చాను. బెంచీ తుడిచాను. మాట్లాడితే ఏం పడుతుందోనని మూతి బిగించుకుని పనిచేశాను. మళ్లీ పొట్టి ముక్కే.

"రివ్యూ దగ్గరికొచ్చింది. ఇదే చూపిస్తే నీ తరఫున నేను మాట్లాడలేను," అన్నారు మేడమ్ ఒకరోజు. రివ్యూలో మా పనిని పరిశీలించే కమిటీ ఆపేయమంటే పని ఆపేయాల్సిందే.

ఇంట్లో అమ్మ నా ముఖం చూసి కనిపెట్టేది. ఆమె మిషన్ స్కూల్లో టీచరు.

"ఏందే, అన్నం కెలుకుతా కూర్చున్నావు? ఇయ్యాల కూడా రాలేదా?"

"రాలేదమ్మా."

"ఆదివారం చర్చిలో ప్రార్థన చేయిస్తా."

"వద్దమ్మా. అందరూ ఏమైందని అడుగుతారు."

ఒక పొద్దున బస్సులో, ఆర్‌ఎన్‌ఏ పొడవును గీతగా చూపించే పాత ఫిల్ముల ఫొటోలు ఫోన్లో పక్కపక్కన పెట్టి చూశాను. మొదట్లో పాడైన ఆర్‌ఎన్‌ఏ పొడుగునా అలికినట్టు మసకగా ఉంది. తర్వాతి వాటిలో గీత సన్నగా, స్పష్టంగా, ప్రతిసారీ ఒకే చోట ఉంది. నా చేతుల్లో విరిగిపోతుంటే ఎప్పుడూ ఒకే చోట ఎందుకు విరుగుతుంది? కొన్ని బాక్టీరియాలు నకలు మొదలుపెట్టి, ఆ అమైనో ఆమ్లం చుట్టూ సరిపడా ఉంటే కొద్ది దూరంలోనే ఆపేస్తాయని చదివాను. నేను నా బాక్టీరియాకు రోజూ అన్నీ ఉన్న ఆహారమే పెడుతున్నాను.

ఆ ఒక్క ఆమ్లం లేని ద్రావణం కలిపి కొంత బాక్టీరియాను అందులో, కొంత ఎప్పటి ఆహారంలో పెంచాను. ఆమ్లం లేని ఫ్లాస్కు చాలాసేపు తేటగానే ఉండిపోయింది. చచ్చిపోయాయేమోనని పదేపదే వెళ్లి వెలుతురుకు ఎత్తి చూశాను. సాయంత్రానికి బాక్టీరియా పెరిగి కాస్త మసకబారింది. మిగతా పని ముగించి ఫిల్ము కడిగాక, ఆమ్లం ఉన్న వరసలో ఎప్పటి పొట్టి ముక్కే కనిపించింది. లేని వరసలో మొట్టమొదటిసారి పొడుగు నకలు వచ్చింది. నమ్మలేక, పేర్లు తారుమారు చేశానేమోనని ట్యూబులన్నీ మళ్లీ సరిచూసుకున్నాను.

మేడమ్ ఫిల్మును లైటుకెత్తి చూశారు.

"మళ్లీ చేస్తే వస్తుందా?"

"తెలియదు మేడమ్."

మళ్లీ వచ్చింది. మేడమ్ కుర్చీ నా వైపు జరుపుకుని, "నీ చెయ్యి బాగానే ఉందమ్మా. నేనే తొందరపడ్డాను," అన్నారు. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది.

రివ్యూలో ఒక పెద్దాయన సూటిగా అడిగారు. "మధ్యలో ఆగిందనే ఎందుకనుకోవాలి? మొత్తం తయారయ్యాక చివర అరిగిపోయి ఉండొచ్చు కదా?"

మేడమ్ వైపు చూశాను. నువ్వే చెప్పమన్నట్టు ఆమె తలూపారు.

"ఇంకా తేల్చలేదు సార్," అన్నాను. "జన్యువులో ఆపమని చెప్పే భాగాన్ని మార్చి చూడాలి. మధ్యలో ఆగడమే నిజమైతే, అప్పుడు ఆమ్లం ఉన్నా పొడుగు నకలు రావాలి."

"చేసి చూపించు," అన్నారు. పని ఆగలేదు.

ఇంటికెళ్లి చెబితే అమ్మ చీర మడతపెట్టడం ఆపి విన్నది.

"అంటే కావాల్సింది చేతిలో ఉంటే, మొదలుపెట్టి కూడా మానేస్తదా?"

"అవునమ్మా. అనవసరంగా తయారుచేసుకోదు."

"మరి నువ్వేంది చానా దిగులుగా ఉన్నావు?"

"మార్చాక కూడా పొట్టిగానే వస్తే?"

అమ్మ చీర పక్కన పెట్టింది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది.

ఆ మార్పు చేయడానికి నెలలు పట్టింది. ఫిల్ము కడిగిన రోజు మేడమ్‌ను ముందే పిలిచి నా పక్కన నిలబెట్టుకున్నాను. ఆమ్లం నిండుగా ఉన్న వరసలోనూ నకలు చివరిదాకా వచ్చింది. మేడమ్ నా భుజం తట్టారు. నేను అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని, 'చివర అరిగిపోవడం కాదు, మధ్యలోనే ఆగుతోంది' అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.