వంతకు సందివ్వని పాట

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో, నా బిడ్డ పాడిన మొదటి ఆల్బమ్ ఫోన్లో పైకే పెట్టుకుని వింటున్నాను. ముందు సీటులోని గడ్డం మనిషి తన చెవుల్లోని ఇయర్‌ఫోన్లు పీకి వెనక్కి తిరిగాడు.

"అక్కా, జర బంద్ చెయ్. చెవులు పోతున్నయ్."

"ఏందయ్యా, పాటలకు పెద్దమనిషివా?"

"చిన్నప్పటి సంది ఇంగ్లీషు ఆల్బమ్‌లు వింటున్న. రాక్ బ్యాండోళ్లు మొదట చేసేది నిప్పు, పేరొచ్చినంక చేసేది బూడిద. కంట్రీ మ్యూజిక్ అంటే అక్కడి పల్లెటూరోళ్ల పాట, మన చేన్ల పాట లెక్కనే, మనిషి ఊపిరి వినపడ్తది. పాప్ మిషన్లనే పుడ్తది, మిషన్లనే సస్తది. నీ ఫోన్ల మోగేది గీ మూడింట్ల దేనికీ పనికిరాదు."

"నోరు ముయ్! అది నా బిడ్డ గొంతు!"

బస్సంతా మా వైపు తిరిగింది. అతను మాత్రం తగ్గలేదు.

"గొంతుకేం, మంచిగనే ఉంది. నాట్ల పాటనే గద? ఒకరు పాడితే పదిమంది వంత అందుకోవాలె. గా సందుల డ్రమ్ములు కుక్కిండ్రు. వంత ఏది?"

"చెవుల వైర్లు పెట్టుకున్నోనికి మా నాట్ల సంగతి ఏం తెల్సు? నీ ఊరొస్తే దిగిపో!"

పెబ్బేరులో దిగిపోయాడు, ఒక్క మాట మెత్తగా అనకుండా. ఆ కోపంలోనే సౌండ్ పెంచి పాట మళ్లీ మొదటి నుంచి పెట్టాను. వరి నాట్లేస్తూ నేను నేర్పిన పాటే అది. బిడ్డ మొదటి వరుస పాడింది. అలవాటు కొద్దీ వంత అందుకోబోయాను. నేను నోరు తెరిచేలోపే డ్రమ్ములు మొదలయ్యాయి.

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా ఆ పాట పెడితే, నా నోరు తెరుచుకుని ఊరికే మూసుకుంటుంది.