ఎర్ర కారు అద్దం మీద వేలిముద్ర

రక్తపరీక్షకి వచ్చే పిల్లలు మా ల్యాబు గుమ్మంలోనే రాగం అందుకుంటారు. సూదక్క కుర్చీలో కూర్చోబెట్టాక మాత్రం వాళ్ళకి ఏడవడానికి తీరిక దొరకదు. “నీ చొక్కా మీదున్న ఈ కుక్క రాత్రి ఎక్కడ పడుకుంటుంది నాన్నా?” అని అడుగుతుంది. పిల్లాడు ఆలోచించి జవాబు చెప్పేలోగా సూది లోపలికి వెళ్ళడం, బయటికి రావడం, దూది నొక్కడం అన్నీ అయిపోతాయి. ఆమె అసలు పేరు జీతం పుచ్చుకునే రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

నేను అక్కడే ట్యూబులకు చీటీలు అంటించే పనిలో ఉన్నాను. సూదక్క ప్రతి చెయ్యీ పట్టుకునే ముందు పెదవులు కదిపి దేవుణ్ణి తలచుకోవడం నాకు అలవాటైన దృశ్యం. “ఎదుటివాళ్ళకి నొప్పి తెలియకూడదని అడుగుతాను, అంతకంటే పెద్ద కోరికలు నాకు అడగడం రాదు,” అని ఒకసారి నవ్వుతూ చెప్పింది.

పక్క కుర్చీ నర్సమ్మది. ఆవిడ మనసు వెన్న, చెయ్యి మాత్రం రోకలి. ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా జనం సూదక్క ముందే వరుస కట్టేవారు.

“నా కుర్చీకేమైనా ముళ్ళున్నాయా?” అని నర్సమ్మ కేకలేసేది.

“కుర్చీకి లేవమ్మా, నీ చేతిలో ఉన్నాయి,” అనేవారు గార్డు గారు. గూడ్సు బండికి గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. చక్కెర జబ్బు. నెలనెలా రక్తం ఇవ్వడానికి వచ్చి, సూదక్కతో కార్ల గురించి పోట్లాడి వెళ్ళేవారు.

కార్లంటే బొమ్మ కార్లు. అట్టపెట్టెలో ప్లాస్టిక్ ముక్కలు చట్రాలకు అంటుకుని వస్తాయి. ఒక్కొక్కటీ కత్తిరించి, ఆకురాయితో అంచులు నునుపు చేసి, రంగు వేసి, జిగురుతో అతికిస్తే అరచేతిలో పట్టే కారు అవుతుంది. అచ్చం అసలు కారులా ఉంటుంది, స్టీరింగుతో సహా. మా ఊళ్ళో ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఆదివారం సాయంత్రం బొమ్మల షాపు వెనక గదిలో చేరతారు. వాళ్ళలో ఆడమనిషి సూదక్క ఒక్కతే. ఆమెకిది నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన టాక్సీ నడిపేవాడు. పగలంతా పెద్ద కారు, సాయంత్రం చిన్న కారు.

ఆయన చివరగా కట్టినది రెండు తలుపుల ఎర్ర కారు. అప్పటికే చేతులు వణికే జబ్బు వచ్చింది. ముందరి అద్దం పెట్టబోతే బొటనవేలు జారింది. వేలికున్న జిగురు అద్దానికి అంటుకుని, ఒక మూల పొగ పట్టినట్టు తెల్లబడి, అందులో వేలిముద్ర నిలిచిపోయింది. ఆ తర్వాత ఆయన పెట్టె తెరవలేదు. అన్నం తినేటప్పుడు పళ్ళేనికి చెంచా తగిలి టకటకమనే చప్పుడు వంటింటి దాకా వినిపించేది. సూదక్కకి నాన్నంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ చప్పుడే.

ఆ చప్పుడు ఈ ఏడు మళ్ళీ వినిపించింది. ఈసారి తన కప్పులోంచి.

వణుకు మొదట కారు పక్కన అతికించే రవ్వంత అద్దం దగ్గర బయటపడింది. పట్టకారుతో పట్టుకుంటే అది నిలవలేదు, మిణుగురులా మినుకుమినుకుమంది. ఆకలి వల్లేమోననుకుని అన్నం తిని మళ్ళీ కూర్చుంది. మళ్ళీ అంతే. మర్నాడు చూసుకుంటే ఏమీ లేదు. అమ్మయ్య అనుకుంది. ఆ వారాంతంలో కప్పు సాసరు మీద పెడుతుంటే టకటకమంది.

ల్యాబులో మాత్రం వణుకు లేదు. సూది పట్టుకోగానే వేళ్ళు ఎప్పటిలా కుదురుగా ఉండేవి. దానికి సంతోషించాల్సింది పోయి ఆమె ఇంకా హడలిపోయింది. ఇంట్లో ఉన్న దొంగ కనబడకుండా నక్కితే ఎంత భయమో అంత భయం. ఏ చెయ్యి దగ్గర బయటికి దూకుతుంది? చంటిపిల్ల దగ్గరా? నరం దొరకని ముసలమ్మ దగ్గరా? దేవుణ్ణి తలచుకోవడం ఎక్కువైంది. ఇదివరకు ఎదుటివాళ్ళ కోసం అడిగేది. ఇప్పుడు తన చేతి కోసం అడుగుతున్నందుకు సిగ్గుపడేది. ఇదంతా నాకు ఆమె తర్వాత చెప్పింది. అప్పుడైతే నేను చూసింది ఒక్కటే: నడిచేటప్పుడు ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని నడుస్తోంది, తప్పిపోతుందేమోనన్నట్టు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆ బొమ్మల షాపు నడిపే కుర్రాడు, అందరూ పిలిచే షాపు తమ్ముడు, సంబరంగా ఒక తెల్ల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడో అమ్మకం ఆగిపోయిన ఆ రెండు తలుపుల ఎర్ర కారుకి ముక్కలు పోసే పాత ఇనప అచ్చు కంపెనీ వాళ్ళకి గోదాములో దొరికిందట. మళ్ళీ విడుదల చెయ్యాలా వద్దా అని అన్ని ఊళ్ళ క్లబ్బుల్నీ అడుగుతున్నారు. ఇది నమూనా పెట్టె. అందరి ఎదుటా కట్టి చూసి అభిప్రాయం చెప్పాలి.

“కట్టేది మన సూదక్కే. ఇంకెవరు?” అన్నాడు.

సూదక్క చేతులు బల్ల కిందికి లాక్కుంది.

ఆ గదిలో అభిప్రాయాలకు ఎప్పుడూ కరువు లేదు. పాత అచ్చులో ఉన్న తప్పులు దిద్ది మరీ తేవాలని మందుల షాపాయన అన్నాడు. ఆ తప్పులుంటేనే అది మన కారు, దిద్దితే వేరే కారని వడ్రంగి అన్నాడు. గార్డు గారు చేతికర్ర నేలకేసి కొట్టి, “అసలు తేనే కూడదు. నా దగ్గర సీలు విప్పనివి రెండున్నాయి. వీధివీధినా అమ్మితే ఇక వాటి ముఖం చూసేదెవరు?” అన్నారు.

“ఇప్పుడు మాత్రం ఎవరు చూశారు బాబాయ్? బీరువాలో పెట్టి తాళమేశారు. అవి పెట్టెలా, సమాధులా?” అన్నాడు వడ్రంగి.

“సమాధైతే నీకు చోటివ్వను లేరా!”

అందరూ నవ్వి సూదక్క వైపు తిరిగారు. ఆమె ఏమంటుందో వాళ్ళకి తెలుసు. ఆ కారు మళ్ళీ రావాలని ఏళ్ళ తరబడి అంటున్నది ఆమే. “ఒక్కటే ఉంటే చెయ్యి భయపడుతుంది. పాడైనా ఫరవాలేదు, మరోటి దొరుకుతుంది అనుకుంటేనే కట్టబుద్ధవుతుంది,” అనేది. నాన్న పాడుచేసిన అద్దాన్ని ఒక్కసారి సరిగ్గా పెట్టాలని ఆమె కోరిక.

“వద్దు,” అంది సూదక్క.

అచ్చు అరిగిపోయి ఉంటుందని, అంచుల వెంట పల్చటి పొర వస్తుందని, తలుపుల గీతలు పూడిపోతాయని గబగబా చెప్పుకుపోయింది. పాతవి పాతగానే ఉండనివ్వాలంది. పెట్టె మూత కూడా తియ్యకుండానే అన్నీ చెప్పింది.

“అదీ బంగారంలాంటి మాట! ఇన్నాళ్ళకి దారికొచ్చావు అమ్మాయ్,” అని గార్డు గారు పొంగిపోయారు. ఆ మెప్పు ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. షాపు తమ్ముడి ముఖం వాడిపోయింది.

“సరే అక్కా. కానీ నమూనా వచ్చింది కదా, కట్టి చూపించండి. అచ్చు అరిగిందో లేదో అందులోనే తెలుస్తుంది.”

సూదక్క పెట్టె దగ్గరికి లాక్కుంది. ముక్కలు కత్తిరించింది, అంచులు గీకింది. అవి మోటు పనులు, సాగిపోయాయి. అచ్చు ఏమీ అరగలేదని, గీతలన్నీ కొత్త కారులా ఉన్నాయని తన వేళ్ళకే తెలుస్తోంది. ఇక అద్దం మిగిలింది. చుట్టూ తలలు వంగాయి. సన్నటి పుల్లతో అంచున జిగురు రాసి, అద్దం ఎత్తింది.

చెయ్యి ఊగింది.

పళ్ళు బిగబట్టింది. ఊపిరి ఆపింది. ఎంత పట్టుకుంటే అంత ఊగింది. అద్దం చట్రానికి తగిలి టకటకమంది. ఆ చప్పుడుకి బొటనవేలు జారింది. అద్దం వెనక్కి తీసేసరికి దాని మూలన తెల్లటి మచ్చ, మచ్చలో వేలిముద్ర.

ముందు తేరుకున్నది షాపు తమ్ముడు. “ఈ జిగురు బాగాలేదక్కా, కొత్త రకం. నిన్న ఒకాయన తిట్టిపోశాడు కూడా,” అన్నాడు. “దీపం వెలుగు కూడా ఇటు పడటం లేదు,” అన్నాడు మందుల షాపాయన. వడ్రంగి వంగి బల్ల కాలు కదిపి, “ఇదిగో, ఇది ఊగుతోంది. రేపు నేనే చెక్క ముక్క వేస్తాను,” అన్నాడు. ఆ బల్ల చేసిందే అతను.

ఎవరూ ఆమె చేతిని ఒక్క మాట అనలేదు. అందుకే ఆమెకు తెలిసిపోయింది, అందరూ చూశారని.

ఇంటికొచ్చి నాన్న కారు చూసింది. అదే మూల, అదే మచ్చ. అక్కడే కూర్చుండిపోయింది. భర్త టీ తెచ్చి పక్కన పెట్టాడు. కప్పులో సగమే ఉంది. నిన్నా సగమే. మొన్నా సగమే.

“ఏవండీ, ఈమధ్య టీ సగమే పోస్తున్నారెందుకు?”

“తొణికితే చెయ్యి కాలుతుందని.” ఆయన కిటికీ వైపు చూస్తూ అన్నాడు. “తాగెయ్, ఇంకో సగం తెస్తాను.”

“ఎప్పట్నుంచి తెలుసు మీకు?”

“నువ్వు నాకు చెప్పకూడదు అనుకున్నప్పట్నుంచి.”

అప్పుడు ఏడ్చింది. నాన్న జబ్బే అంది. ఉద్యోగం పోతుందంది. అంతకంటే, ఎవరి చెయ్యో పొడిచేస్తానంది. ఆయన కాదని గానీ ఏం కాదని గానీ అనలేదు. లేచి మిగతా సగం తెచ్చాడు.

మర్నాడు గార్డు గారు ల్యాబుకి వచ్చారు. నర్సమ్మ కుర్చీ ఖాళీగా ఉన్నా ఎప్పటిలాగే నడిచొచ్చి సూదక్క ముందు కూర్చుని చొక్కా చెయ్యి మడిచారు. నిన్న ఆ గదిలో ఉన్న మనిషే; అక్కడ జరిగింది పొద్దున్నే నా చెవిన కూడా పడింది. నేను చీటీ అంటించడం ఆపి చూశాను.

సూదక్క రబ్బరు పట్టీ కట్టింది. వేలితో నరం వెతికింది. దూదితో తుడిచి సూది తీసింది. పెదవులు కదిలాయి. చెయ్యి రాయిలా ఉంది, ఇసుమంత కూడా కదలడం లేదు. నేను ఊపిరి వదిలాను.

ఆమె మాత్రం సూదిని పళ్ళెంలో పెట్టేసింది.

“ఏమ్మా?” అన్నారు గార్డు గారు.

“నర్సమ్మ దగ్గర కూర్చోండి బాబాయ్.”

“నాకేం భయం లేదు అమ్మాయ్. గుచ్చు. వణికితే వణికింది, ఈ ముసలి తోలుకి ఏమవుతుంది?”

“మీకు లేదు బాబాయ్, నాకుంది,” అంది సూదక్క. చెయ్యి అప్పుడూ వణకలేదు. “ఇవాళ బాగానే ఉంది. రేపు ఎవరి చేతి మీద ఉంటుందో నాకు తెలీదు. కారు పాడైతే మరో కారు. చేతికి మరో చెయ్యి ఎక్కడ తెస్తాను?”

పట్టీ విప్పింది. ఆయన లేచి వెళ్ళి నర్సమ్మ కుర్చీలో కూర్చున్నారు. నర్సమ్మ పొడిచింది. ఆయన కనుకొలకుల్లో నీళ్ళు తిరిగాయి.

“నొప్పా?” అంది నర్సమ్మ భయంగా.

“అబ్బే! చీమ కుట్టినట్టుంది. నీ చెయ్యి బాగా తేలికైంది సుమీ,” అన్నారు వరుసలో ఉన్న అందరికీ వినబడేలా. ఆ మాటతో వెనకున్న ఇద్దరు ఆ వరుసలోకి మారారు. పాపం, వాళ్ళకి తర్వాత తెలిసిందిలెండి.

సూదక్క చేతులు కడుక్కుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. ఆ తలుపు మూసుకున్నంతసేపూ నేను ట్యూబులకు చీటీలు తలకిందులుగా అంటించాను. బయటికొచ్చాక అడిగాను, “ఏమన్నారక్కా?”

“అన్ని వణుకులూ ఒకటి కావన్నారు. పరీక్షలు చేయిద్దామన్నారు. అంతవరకూ నీ పక్కన కూర్చోమన్నారు.”

“చీటీలకా?”

“పిల్లలకి. సూది నర్సమ్మది, కబుర్లు నావి.” నవ్వబోయింది, పూర్తిగా రాలేదు. నేను కుర్చీ జరిపి తుడిచాను. ఆమె కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది. కాసేపటికి వాటిని తీసి బల్ల మీద, అందరికీ కనబడేలా పెట్టింది. అది చూడటానికి నాకే భయమేసింది.

పరీక్షల సంగతి ఇంకా తేలకముందే మళ్ళీ ఆదివారం వచ్చింది. నన్ను తోడు రమ్మంది. షాపు వెనక గదిలో నమూనా కారు అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. బల్ల కాలికి మాత్రం చెక్క ముక్క వేసి ఉంది.

“తమ్ముడూ, కంపెనీ వాళ్ళకి నా మాట మార్చి చెప్పు. విడుదల చెయ్యమను. అచ్చు బాగానే ఉంది. నా చేతికి భయపడి అచ్చుని తిట్టాను,” అంది.

గార్డు గారు మూతి ముడిచారు. “నా వైపు ఒక్క మనిషి ఉందనుకున్నాను. అదీ పోయింది.”

“మీరు ఎప్పుడైనా ఒక్కటైనా కట్టారా బాబాయ్?”

ఆయన చేతికర్ర కొన తడుముకున్నారు. “పాడుచేస్తానేమోనని...” అని ఆగిపోయారు.

“అయితే ఇటు రండి, కారు కదలకుండా పట్టుకోండి.”

తువ్వాలు మడిచి బల్ల మీద వేసుకుని, దాని మీద మణికట్టు ఆనించింది సూదక్క. మచ్చపడిన అద్దానికే మళ్ళీ జిగురు రాసి ఎత్తింది. చెయ్యి ఊగింది. ఊగనిచ్చింది. ఆమె నుదుట చెమట పట్టింది. గార్డు గారి వేళ్ళు కారు చుట్టూ బిగుసుకున్నాయి. అద్దం టకటకమని చట్రానికి తగిలి, తగిలి, చివరికి కూర్చుంది.

గార్డు గారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

“వంకరగా ఉంది అమ్మాయ్.”

“ఉంది బాబాయ్,” అంది సూదక్క. “మరోటి వస్తుందిగా. అది మీరు కడుదురుగాని.”