కళ్ళు పోతాయన్న మాట

కోవిడ్ తర్వాత బళ్ళు తెరిచిన ఏడాది అది. మా దీవిలో చౌల్దారీ అనే ఊళ్ళో ఒక బడికి కంటి పరీక్షలకు వెళ్ళాను. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు కొలిచి కళ్ళద్దాల నంబరు తేల్చే మనిషిని. పట్నంలోని మిడిల్ పాయింట్‌లో మా క్లినిక్. పిల్లల్ని ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఒక్కో కన్నూ మూయించి, విజన్ చార్టు మీది అక్షరాలు చదివించడం నా పని.

మూడో తరగతి లావణ్య రెండు కళ్ళతోనూ అన్ని వరసలూ గడగడా చదివేసింది. ఏ పిల్లయినా చివరి వరసల్లో కాస్త తడబడుతుంది. ఈ పిల్ల ఎక్కంలా అప్పజెప్పింది. అనుమానం వచ్చి కుడి కన్ను మూయించి, చార్టు మార్చాను. పై వరసలో అరచెయ్యంత అక్షరం కూడా చెప్పలేకపోయింది. ముందు పిల్లలు చదువుతుంటే విని బట్టీ పట్టేసిందన్నమాట. అందరికీ ఒకే చార్టు వాడిన తెలివి నాదే.

అది 'లేజీ ఐ' అని నా అనుమానం. తర్వాత డాక్టరుగారూ అదే తేల్చారు. నంబరు ఎక్కువున్న కంటిని మెదడు వాడటం మానేస్తుంది. చిన్న వయసులో పట్టుకుంటే అద్దాలిచ్చి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి దారికి తేవచ్చు. ఎనిమిదేళ్ళ పిల్ల ఇంకొన్నేళ్ళు ఇలాగే దాచి ఉంటే ఆ చూపు రావడం కష్టమయ్యేది.

ఎందుకు దాచావని, ఇక్కడి బళ్ళలో అందరూ మాట్లాడే హిందీలో అడిగితే నేల చూపులు చూసింది. పేరును బట్టి మన పిల్లేననుకుని తెలుగులో అడిగేసరికి నా చెవి దగ్గరికి వచ్చింది.

"దీదీ, నానమ్మకి చెప్పొద్దు. నేను ఝూట్ చెప్పాను. అందుకే ఈ కన్ను పోయింది."

ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో ఫోను పగలగొట్టి, నెపం పిల్లి మీదికి తోసిందట. అబద్ధమాడితే కళ్ళు పోతాయని నానమ్మ అంది. మన ఇళ్ళల్లో అందరం విని పెరిగిన మాటే. ఈ పిల్ల మాత్రం పెరట్లోకి వెళ్ళి ఒక్కో కన్నూ మూసి చూసుకుంది. ఎప్పటి నుంచో మసకగా ఉన్న ఎడమ కన్ను సంగతి ఆ రోజే మొదటిసారి తెలిసింది. కన్ను సంగతి బయటపడితే అబద్ధమూ బయటపడుతుందని ఏడాదిగా దాచింది.

కన్ను పోలేదని, అబద్ధానికీ దీనికీ సంబంధం లేదని చెప్పాను. నానమ్మకు నేను చెప్పను, నువ్వే చెప్పు, పక్కనే ఉంటానన్నాను. కబురు పెడితే బడి విడిచే వేళకు ఆవిడ వచ్చింది. లావణ్య తడుముకుంటూ అంతా చెప్పింది. ఆవిడ మనవరాలి తల మీద చెయ్యి వేసింది.

"బెదిరించడానికి అన్నానే. ఫోను పోతే పోయింది. కన్ను కనపడ్డం నేదని నాకు సెప్పకపోతే ఎలాగమ్మా?"

మూడు నెలలకు చెకప్‌కు వచ్చారు. చూపు కొంత మెరుగైంది. నేను అడక్కముందే లావణ్య, నాలుగు రోజులు పట్టీ తీసేసి ఆడుకున్నానని నానమ్మ ఎదుటే చెప్పేసింది. నేను ఆవిడ వైపు చూశాను.

"నాకు నిన్ననే సెప్పింది," అంది ఆవిడ, గర్వంగా.

కళ్ళు పోతాయని అనేటప్పుడు పెద్దలకు కావలసింది పిల్లల నోట నిజమే. భయపెడితే మాత్రం మనకు నచ్చే జవాబే వస్తుంది. అందుకే ఇప్పుడు ఏ బడికి వెళ్ళినా పిల్లల్ని "కనబడుతోందా?" అని అడగను. "ఎక్కడిదాకా కనబడుతోంది?" అంటాను. కనబడటం లేదని చెప్పిన పిల్లకే ముందు శభాష్ చెబుతాను.