ఉంగరాలు చుట్టబడును

ఉంగరాలక్క సొంత జుట్టు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. దేవుడు తనకివ్వని వంకీలన్నిటినీ ఆమె వీధిలో వాళ్ల తలల మీద తిప్పి కసి తీర్చుకుంది. పెళ్లికూతుళ్లు, నాటకాల వాళ్లు, ఫొటో దిగబోయే అమ్మమ్మలు, ఎవరొచ్చినా సరే, కుర్చీలో కూర్చోబెట్టి కడ్డీ అందుకుందంటే లేచేసరికి ఉంగరాల జుట్టే. ఆ పేరు అలా వచ్చింది.

పార్లరు ఆమె ఆడపడుచుది. వదిన దగ్గరే పని నేర్చుకుంది, వదిన దగ్గరే పనిచేస్తోంది. బోర్డు మాత్రం మొగుడు రాశాడు. ఆయనది ఇస్త్రీపెట్టెలూ మిక్సీలూ బాగుచేసే పని. అయినా పెయింటరెందుకు, నా చేతులేమైనా పడిపోయాయా అని కుంచె పట్టాడు. పైన "జుట్టుకు" అని చిన్నగా రాద్దామని వదిలిన జాగాను కింది మాట కొమ్ములూ తలకట్లూ మింగేశాయి. మిగిలింది "ఉంగరాలు చుట్టబడును". ఇదేం రాతండీ అని ఆమె మొత్తుకుంటే, "పార్లరులో జుట్టు కాక ఇంకేం చుడతారే?" అని నిచ్చెన దిగిపోయాడు.

అన్నీ బాగానే ఉన్నాయనుకునే వేళ ఆమె తడిసిన మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ బొటనవేలు బిర్రబిగిసిపోయింది. జుట్టు తిప్పే పనికి ఆ వేలే ప్రాణం. వేడి కడ్డీ మీద ఒక రేకు ఉంటుంది, జుట్టు కొసను అది పట్టి ఉంచుతుంది. కడ్డీ తిప్పుతూ ఆ రేకును తెరవాలి, మూయాలి, మళ్లీ తెరవాలి. అదంతా బొటనవేలి పనే. ఎడమచేత్తో ప్రయత్నిస్తే రేకు జారింది, ఒకావిడ చెవి చురుక్కుమంది. ఆవిడ పెట్టిన కేకకు పక్క కొట్టువాడు కూడా వచ్చి తొంగిచూశాడు.

వదిన మంచి మనిషి. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. తిడితే తిరగబడొచ్చు. మెత్తగా చెబితే ఏం చేస్తాం?

"ఎందుకే ఆ చేత్తో తంటాలు?" అంది వదిన. "హాయిగా కౌంటర్లో కూర్చో. వచ్చినవాళ్లను పలకరించు. కడ్డీ పని కొత్తమ్మాయి ఎవరైనా చూసుకుంటుంది."

ఉంగరాలక్క తలూపింది. ఇంటికెళ్లి బియ్యం కడుగుతూ కుళ్లికుళ్లి ఏడ్చింది. పలకరింపులకేం, ఎవరైనా పలకరిస్తారు. ఆ కుర్చీ వెనక నిలబడకపోతే తను ఎవరికీ ఏమీ కానట్టే అనిపించింది.

కౌంటర్లో కూర్చున్న వారంలోనే ఒక పెద్దాయన తలుపు తోసుకుని వచ్చిపడ్డాడు. వీధి మొదట్లో కొత్తగా కొట్టు పెట్టిన కంసాలి ఆయన. కోపంలో చేతిలో పని చేతిలోనే ఉంచుకుని వచ్చేశాడు.

"ఎవరమ్మా ఇక్కడ ఉంగరాలు చుట్టేది? పక్కనే నేనొకణ్ణి ఉన్నానా, చచ్చానా? బంగారం పని చేసేవాళ్లు ఇంకొకరున్నారని ముందే తెలిస్తే ఈ వీధి మొహం చూసేవాణ్ణా?"

వదిన కడుపు పట్టుకుని నవ్వింది. తలనిండా క్లిప్పులతో కూర్చున్న ఆడవాళ్లను చూశాక పెద్దాయనకు సంగతి అర్థమై మొహం కందగడ్డలా అయిపోయింది. ఉంగరాలక్క మాత్రం నవ్వలేదు. ఆయన చేతిలోని కడ్డీనే చూస్తోంది. ఒక కొస సన్నం, రెండో కొస లావు. ఉంగరాన్ని దానికి తొడిగి, చిన్న సుత్తితో తట్టి గుండ్రంగా చేస్తారు. దానికి రేకూ లేదు, మీటా లేదు.

"బాబాయిగారూ, ఒక్కసారి అదిటివ్వండి," అంది.

కడ్డీని కుడి గుప్పిట్లో పట్టుకుని, తన జడ కొసను ఎడమచేత్తో దానికి చుట్టింది. రెండు వేళ్లతో కొస పట్టుకుంది. జుట్టు బుద్ధిగా నిలబడింది.

"ఇది వేడెక్కితేనా!" అంది పైకే.

గొడవకొచ్చిన సిగ్గుతో పెద్దాయన అలాంటిదే ఇత్తడితో, లోపల గుల్లగా చేసిచ్చాడు. మొగుడు అందులో ఇస్త్రీపెట్టె తీగ అమర్చాడు. సవరం మీద పెట్టి చూస్తే గుప్పున పొగ లేచింది. బట్ట ఓర్చుకునే వేడిని జుట్టు ఓర్చుకుంటుందా! "నీ సవరం మంచిది కాదు" అని ఆయన కాసేపు దబాయించి, తర్వాత నోరు మూసుకుని వేడి తగ్గేలా తీగ మార్చాడు. ఆమె తన వేళ్లకు తోలు తొడుగులు కుట్టుకుంది. సవరాలు మాడాయి, వేళ్లు చురుక్కుమన్నాయి, చివరికి వంకీ నిలిచింది.

అప్పుడే, ఎప్పుడూ వచ్చే గాయని కచేరీకి తయారవడానికి వచ్చింది. "నా జుట్టు అక్కే తిప్పాలి, లేకపోతే జడేసుకుని పోతాను," అని భీష్మించుకుంది.

వదిన మరదల్ని పక్కకు పిలిచింది. "తేడా వస్తే కొట్టు పరువు పోతుంది. ఇది కుదరకపోతే కౌంటరే. మళ్లీ మాటొద్దు."

"సరే వదినా," అంది ఉంగరాలక్క.

కుడివైపు పాయల్ని కడ్డీ కుడిచేత పట్టి తిప్పింది. ఎడమవైపుకు వచ్చేసరికి విరిగిన చెయ్యి అంతదూరం వంగక కడ్డీని ఎడమచేతికి మార్చింది. తిప్పి వదిలి అద్దంలోకి చూసి అలాగే నిలబడిపోయింది. పాత కడ్డీని కుడిచేత్తోనే, ఒకే వైపుకు తిప్పాల్సి రావడంతో ఇన్నేళ్లూ ఎడమవైపు వంకీలు బుగ్గ మీదికే పడేవి, పిన్నులు గుచ్చి దాచేది. ఇప్పుడు రెండువైపులా మొహం విడిచి బయటికి తిరిగాయి. చెయ్యి బాగున్న రోజుల్లో కూడా ఆమెకు ఇది చేతకాలేదు.

కచేరీలో ఉంగరాలక్క ఒక్క పాటా వినలేదు, జుట్టునే చూస్తూ కూర్చుంది. పైన దీపాల వేడి, కింద చెమట. పైస్థాయికి వెళ్లినప్పుడల్లా గాయని తల విసురుతోంది. అప్పుడల్లా ఈవిడ కుర్చీలోంచి సగం లేస్తోంది. వంకీలు ఎగిరి మళ్లీ వాటి చోటికే వచ్చి కూర్చున్నాయి, చివరి పాటదాకా. హాలు చప్పట్లతో మారుమోగితే అందులో సగం తనకేననుకుంది. అనుకోనివ్వండి, తప్పేముంది!

మర్నాడు తలుపు తీసేసరికే గాయని జుట్టు చూసినవాళ్లు గుమ్మంలో గుంపుకట్టారు. వదిన వాళ్లను తప్పించుకుంటూ లోపలికొచ్చింది.

"కొత్తమ్మాయికి కబురు పెట్టాను," అంది, "కౌంటర్లో కూర్చోమని."

కాసేపు అటూఇటూ సర్ది, ఇత్తడి కడ్డీని మెల్లగా చేతిలోకి తీసుకుంది. ఉంగరాలక్కకు ఓనమాలు నేర్పిన చెయ్యి అది. "ఇదెలా పట్టుకోవాలో నాకూ చూపించవే," అంది.

ఉంగరాలక్క ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని ఒక్కొక్క వేలూ సర్దింది.

"బొటనవేలు వదిలెయ్యండి వదినా," అంది. "దానితో పని లేదు."